పొట్టేలు దండ తిన్నందుకు మూడు నెలల మౌనశిక్ష

రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు, నల్లగొండ.

అయ్యా,

విషయం: ఊరివారు నాతో మాట్లాడునట్లు ఉత్తర్వులు ఇప్పించుట, వీలుకాని పక్షమున నన్ను జైలుకు పంపుట గురించి.

చిట్యాల మండలం రాళ్లబోయినపల్లి నివాసి, గొర్రెల కాపరి కడారి పరశురాములు చేసుకొను మనవి.

1. గత నెల మా ఊరి పెద్దమనుషుల కమిటీ అధ్యక్షుడు రామచంద్రం గారి సన్మానసభలో నా పొట్టేలు తాడు తెంపుకొని వేదికనెక్కి, ఆయన మెడలోని బంతిపూల దండను సగం తినివేసినది. సభ నవ్వినది. నేనూ నవ్వినాను. అదే నేరమైనది.

2. మరునాడు మైకులో చాటించినారు: "పరశురాములుతోని మూడు నెల్లు ఎవ్వలు మాట్లాడొద్దు. మాట్లాడినోళ్లకు గూడ గిదే శిక్ష!" నా వాదన వినలేదు. వినాలంటే నాతో మాట్లాడవలసి వచ్చును గదా.

3. పూర్వం మా తాత కాళ్లను దొర బొండకొయ్య చెక్కల్లో బిగించి ఎండలో కూర్చోబెట్టించినాడు. పక్కన బిగించిన మనిషితో ముచ్చట పెడుతూ పొద్దు గడిపినానని తాత చెప్పేవాడు. నాకు ఆ సౌకర్యమూ లేదు. రాజ్యాంగం ఇరవై ఒకటవ అధికరణంలో వ్యక్తిగత స్వేచ్ఛ ఉన్నదట. దానిని మా ఊరి దాకా పంపగలరు.

4. నా భార్య గుర్వమ్మ సైతం భయపడి, మేక వైపు చూసి "రొట్టెలైనయి, తినేటోళ్లు తినుండ్రి" అనుచున్నది. మొన్న రెండు రోజులు జ్వరంతో పడి ఉంటే నుదుటి మీద తడిగుడ్డ వేసి, నోరు మెదపకుండా ఏడ్చినది. అయ్యా, నేనూ ఏడ్చినాను.

5. జైలులో పొద్దూమాపూ హాజరు తీసుకొనుచు పేరు పెట్టి పిలుస్తారట. నా పేరు నేను విని ముప్పై ఎనిమిది రోజులైనది.

కావున పై సంగతులు చిత్తగించి, నాకు మాట ఇప్పించవలెనని వేడుకొను

తమ విధేయుడు,
కడారి పరశురాములు

తా.క.: ఈ అర్జీ మడిచిన తరువాత, ఈ ఉదయం రేషన్ దుకాణం ముందు, రామచంద్రం గారి ఎదుటనే గుర్వమ్మ నా చెయ్యి పట్టి ఆపి, "ఏమయ్యో, జరం గోళీ ఏసుకున్నవా?" అని గట్టిగా అడిగినది.

"ఇగ నీతోని గూడ ఎవ్వలు మాట్లాడరు!" అన్నారాయన.

"మా ఇద్దరికి మేం చాలు" అన్నది.

వరుసలోని బిక్షమ్మ, "నన్ను గూడ కలుపుకోండ్రి" అన్నది. ఆమె వెనుక మరో పదకొండు మంది. ఇప్పుడు శిక్షపడినవారము పద్నాలుగు మందిమి. ముచ్చట్లు ఆగుట లేదు. జైలు అవసరం లేదు.

రామచంద్రం గారే పంచాయితీ గద్దె మీద ఒంటరిగా కూర్చున్నారు. వీలు చూసుకొని తమరు ఆయనతో రెండు మాటలు మాట్లాడగలరు.