మరకలాయన రంగుల దీక్ష

జూన్ 2, ఆదివారం. ఉదయం 8:30

ఈ రోజు నుంచి మా ఇంట్లో రంగులు! రోజుకో గంట, పది రోజులు. ఎవరేమన్నా ఆపేది లేదు.

కారణం రాసిపెట్టుకోవాలి, లేకపోతే రేపు నేనే మర్చిపోతాను. శుక్రవారం వేసవి బడికి పిలిచారు. మా అమ్మాయి పిచ్చుకకి ఐదేళ్లు. క్లాసులో పిల్లలంతా బంకమట్టిలో మోచేతుల దాకా మునిగి ఉంటే, ఇది మాత్రం మూలన నిలబడి, పోలీసులు పట్టుకున్నట్టు రెండు చేతులూ పైకెత్తుకుందట. ఏం భయం తల్లీ అని టీచరమ్మ అడిగితే "అంటుకుంటుంది" అందట. నెల రోజులుగా ఇదే వరస. ఇప్పుడు తోటి పిల్లలు ఆటకి పిలవడం కూడా మానేశారట.

"ఇంట్లో కాస్త పాడుచేసుకోనివ్వండి సార్. బొమ్మ రానక్కర్లేదు, ముందు చేతులు రావాలి" అన్నారు టీచరమ్మ.

మీరేం చేస్తుంటారని అడిగారు. ఇరవై రెండేళ్లుగా డ్రైక్లీనింగ్ షాపు అని చెప్పాను. మా వీధిలో నా పేరు ఎవరికీ తెలీదు, మరకలాయన అంటే తెలుస్తుంది. కాఫీ, సిరా, గ్రీజు, తుప్పు, ఏదీ మన ముందు నిలవదు. టీచరమ్మ "ఓహో" అన్నారు. ఆ ఓహో నాకు నచ్చలేదు.

నియమాలు:
ఒకటి. అదేం బొమ్మ అని అడగను.
రెండు. చెయ్యి పట్టుకుని దిద్దను.
మూడు. పిల్ల ఆడుతున్నంతసేపూ తుడిచే గుడ్డ ముట్టుకోను.

కొన్నవి: ఆరు రంగుల సీసాలు (నీళ్లతో పోతుందని సీసా మీద ఉంది, నాలుగుసార్లు చదివాను), కాగితాలు, ప్లాస్టిక్ పట్టా, చిన్న రెయిన్‌కోటు, స్నానం టోపీ, చేతి తొడుగులు. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. సంచిలోకి తొంగి చూసి, ఆపరేషన్ ఎవరికి అని అడిగింది. నేను పట్టించుకోలేదు.

అదే రోజు, మధ్యాహ్నం 12:40

ఏర్పాట్లకి యాభై నిమిషాలు. ఆట పదకొండు నిమిషాలు. శుభ్రం చేయడానికి గంటన్నర.

ఏం వెయ్యాలి నాన్నా అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. ఇష్టం ఎలా ఉంటుంది, ఒకసారి వేసి చూపించు అంది. చూపించలేదు! తొడుగు వేసుకున్న వేలితో ఒక ఎర్ర చుక్క పెట్టింది. నా మొహం చూసింది. వేలు తుడిచేసుకుంది. ఒక్క చుక్కే అయినా, ఆరంభం బ్రహ్మాండం.

జూన్ 3, సోమవారం. సాయంత్రం 6:15

తొడుగులు తీసేశాం, బ్రష్ ఇచ్చాను. పసుపు రంగు అంటిన బ్రష్‌ని నీలం సీసాలో ముంచబోయింది. నేను ఒక్క మాట అన్లేదు. దగ్గానంతే. అది గబుక్కున బ్రష్ వెనక్కి తీసుకుని, కడుక్కుని వచ్చి, బుద్ధిగా కూర్చుంది.

దగ్గకూడదని నియమాల్లో ఎక్కడా లేదు కదా అన్నాను. మా ఆవిడ పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. నాలుగో నియమం రాశాను: దగ్గను.

జూన్ 4, మంగళవారం

హోటల్ వాళ్లవి రెండు వందల టేబుల్ గుడ్డలు వచ్చిపడ్డాయి. అన్నీ నూనె. ఇంటికొచ్చేసరికి ఓపిక లేదు. పిల్లకి కూడా విశ్రాంతి కావాలి. వరసగా రెండు రోజులు కష్టపడింది పాపం.

జూన్ 5, బుధవారం. సాయంత్రం 5:30

నాకు బుర్ర పాదరసంలా పనిచేస్తోంది! ఉత్త నీళ్లు ఇచ్చాను, బ్రష్ ఇచ్చాను, వెనక వరండాలో గచ్చు మీద వెయ్యమన్నాను. ఎంత పెద్ద బొమ్మ కావాలంటే అంత పెద్ద బొమ్మ. పట్టా అక్కర్లేదు, టోపీ అక్కర్లేదు. ఐదు నిమిషాల్లో అదే ఆరిపోతుంది. ఎక్కడా మరక లేదు.

బొమ్మ కూడా లేదు, అంది మా ఆవిడ. ప్రతిదానికీ వంకలు పెట్టడం ఈ మనిషికి అలవాటు.

జూన్ 6, గురువారం. సాయంత్రం 7:00

మా ఆవిడకి సెలవు. నేను షాపులో ఉన్నాను. ఆరున్నరకి ఇంటికొచ్చి వరండా తలుపు తీశాను.

పాత తెల్ల దుప్పటి గచ్చంతా పరిచి ఉంది. దాని మధ్యలో పిచ్చుక. రెయిన్‌కోటు లేదు, పట్టా లేదు. మోచేతుల దాకా, మోకాళ్ల దాకా, చెవి వెనక కూడా రంగే. ఆరు సీసాలూ కలిసి ఒకటే బురద రంగు అయ్యాయి. అది ఆ బురదలో అరచేతులతో ఈదుతోంది. నవ్వుతోంది. ఎంత నవ్వంటే, వెక్కిళ్లు వచ్చేంత.

తలుపు చెక్క గట్టిగా పట్టుకున్నాను. గచ్చు, గోడ, గౌను... అన్నీ కనిపిస్తున్నాయి. అయినా అడగలేదు, దిద్దలేదు, దగ్గలేదు!

"ఇంకా అవ్వలేదు నాన్నా, రేపు కూడా ఉంది" అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గెలిచాం. దుప్పటిని మా ఆవిడ తీగ మీద ఆరేసింది.

జూన్ 7, శుక్రవారం

ఉదయం 6:05. కాఫీ తాగుతున్నాను. తీగ మీది దుప్పటి మూల నుంచి గచ్చు మీదకి రంగు కారుతోంది. ఆ ఒక్క మూల తడిపి పిండితే చాలు. బొమ్మకేం కాదు.

6:15. మూల తెల్లబడింది, కానీ చుట్టూ వలయం కట్టింది. ఈ పనిలో ఉన్నవాళ్లని ఎవరినైనా అడగండి, మచ్చ పోయి వలయం మిగిలితే పని చేసినట్టే కాదు. వలయం వరకే కాస్త సబ్బు పెడతాను.

6:25. ఆ వలయం పోయింది. దాని బయట ఇంకో వలయం.

6:40. సగం దుప్పటి తెల్లగా, సగం బురదగా ఉంది. ఇలా వదిలేస్తే పిల్ల బాధపడదూ!

7:10. ఒక్క చుక్క లేదు. వెలుతురులోకి ఎత్తి చూశాను. నా పని గురించి నేను చెప్పుకోకూడదు గానీ, అద్భుతంగా వచ్చింది.

7:12. దుప్పటి కిందికి దించాను. అవతల పిచ్చుక నిలబడి ఉంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చినా బాగుండేది. "బాగా పోయింది నాన్నా" అంది. "మరక చేసింది నేనే. సారీ" అంది. చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

నా కూతురు తన బొమ్మని తనే మరక అంది. ఆ మాట నా దగ్గరే నేర్చుకుంది. చచ్చేంత సిగ్గేసింది.

జూన్ 8, శనివారం

తప్పు ఆ రంగుల కంపెనీది. అంత తేలిగ్గా పోయే రంగు అమ్మడమేమిటి? తప్పు మా ఆవిడది కూడా. తీగ మీద ఆరేస్తే ఎవరైనా ఉతకాల్సిన బట్టనే అనుకుంటారు. నిన్న మధ్యాహ్నం టీచరమ్మ ఫోన్ చేశారు. పిచ్చుక మళ్లీ మూలన నిలబడిందట. ఈసారి పక్కనున్న పిల్ల చేతులు కూడా తుడిచిందట.

దీక్ష రద్దు. ఈ రంగులూ గింగులూ అందరికీ పడవు. గీతల లోపల రంగు నింపే పుస్తకం తెచ్చిచ్చాను. పిచ్చుక ఒక్కచోట కూడా గీత దాటలేదు. పువ్వు చక్కగా వచ్చింది. నేను దాన్ని ఎక్కువసేపు చూడలేకపోయాను.

మా ఆవిడ అన్నం వడ్డిస్తూ ఒకే మాట అంది. "దానికి రంగులంటే భయం లేదండీ. మీ మొహం చూస్తేనే భయం."

జూన్ 9, ఆదివారం. ఉదయం 10:20

మళ్లీ మొదటి రోజు. ఈసారి నేర్చుకోవాల్సింది నేను.

షాపుకి వేసుకెళ్లే తెల్ల చొక్కాతోనే వరండాలో కూర్చున్నాను. పళ్లెంలో ఆకుపచ్చ రంగు పోసుకున్నాను. పిచ్చుక గడప దగ్గరే నిలబడింది, చేతులు వెనక్కి పెట్టుకుని. నాకు భయంగా ఉందమ్మా, అంటుకుంటుందేమో అన్నాను. నటన అనుకున్నాను గానీ కాదు. ఇరవై రెండేళ్లలో ఈ చేతుల్ని నేనెప్పుడూ కావాలని పాడుచేసుకోలేదు. చిటికెన వేలు పెట్టాను. చల్లగా, జిగురుగా, అసహ్యంగా ఉంది. చెయ్యి తనంతట తనే గుడ్డ కోసం వెళ్లింది.

"వద్దు, తుడుచుకోకు" అంది పిచ్చుక. నేను ఆగలేకపోతున్నాను. అది పరిగెత్తుకొచ్చి నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "ఏం కాదు నాన్నా, నేనున్నా కదా. కాసేపు ఓర్చుకో" అంటూ నా అరచేతిని పళ్లెంలో అదిమింది. తర్వాత కాగితం మీద. నాకు ఒళ్లు జలదరించింది. నా మొహం చూసి, మొన్నటిలాగే వెక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఇంకోటి వెయ్యి, నేను పట్టుకుంటాను అంటోంది. ఈ నాలుగు ముక్కలూ ఎడమ చేత్తో రాస్తున్నాను. దాని చేతులు మణికట్టు దాకా ఆకుపచ్చగా ఉన్నాయి. అది ఇంకా చూసుకోలేదు. నేను చెప్పను.