మన ఊరి నీడ పడ్డ రెండాకులు

అన్నగారి పాదాలకు తమ్ముడు సుబ్బరామయ్య సాష్టాంగపడి చేసుకునే విన్నపాలు.

ఈ ఫాల్గుణ బహుళ దశమి నాటికి నేనూ మీ మరదలూ పరమేశ్వరుడి దయవల్ల కులాసాగా ఉన్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో, వదినగారి దగ్గు తగ్గిందో లేదో, ఎర్రావు ఈనిందో లేదో అన్నీ వివరంగా రాయండి. మీరు కార్తీకంలో పంపిన ఉత్తరం నాకు మాఘంలో అందింది. తెచ్చిన పొగాకు వర్తకుడు దాన్ని తలపాగాలో పెట్టుకుని దారిలో నదులన్నీ దాటాడట, చెమటకు సగం అక్షరాలు అలుక్కుపోయాయి. అమ్మ అడిగిన మాట మాత్రం చెక్కుచెదరలేదు. "మూడేళ్లని చెప్పి పోయినాడు, నాలుగో ఏడు వచ్చె. ఎప్పుడొస్తాడంట?" అని రాయించింది కదా. దానికి జవాబు ఈ ఉత్తరంలో ఉంది, కాకపోతే చివర్లో ఉంది. నేను డొంకతిరుగుడు మనిషినని మీకు తెలియనిది కాదు.

ఈ కోనసీమ సంగతులు రాసినవే మళ్లీ రాస్తున్నానని విసుక్కోకండి. ఇక్కడ నీళ్లకు కొదవలేదు, కొబ్బరికి కొదవలేదు, మర్యాదకు అసలే లేదు. వచ్చిన కొత్తలో కూరలో కొబ్బరి, పచ్చట్లో కొబ్బరి చూసి మీ మరదలు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇప్పుడు పనసపొట్టు కూరకు ఆవ ఎంత పెట్టాలో పొరుగింటివాళ్లకే నేర్పుతోంది. గాలి ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. తాటాకులకు బూజు పట్టకుండా పసుపు రాసీ రాసీ నా వేళ్లు పచ్చబడిపోయాయి. ధవళేశ్వరం దగ్గర దొరలు గోదావరికి అడ్డంగా రాతికట్ట కడుతున్నారు. ఊళ్లో మగవాళ్లు చాలామంది ఆ పనిలోనే ఉన్నారు. కట్ట నిలుస్తుందని కొందరు, నిలవదని కొందరు రోజూ అరుగుల మీద వాదించుకుంటారు.

వీళ్ల మర్యాద గురించి ఒక మాట చెప్పాలి. ఏం చెప్పినా "ఆయ్" అంటారు. ఔనన్నా అదే, సరేనన్నా అదే, ఒప్పుకోకపోయినా ఒక్కోసారి అదే. ఆ మర్యాదా, నా మొండితనమూ కలిసి మొన్న ఒక బంగారంలాంటి మనిషి కొంప ముంచబోయాయి. ఆ కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఈ అగ్రహారంలో పాత సిద్ధాంతిగారు పోయాక జ్యోతిషం చెప్పడానికి నన్ను పిలిపించారు కదా. ఆయన దగ్గర సగం చదువుకున్న శిష్యుడు కామేశం ఇంటితోపాటు నాకు సంక్రమించాడు. పాతికేళ్లు దాటినవాడు, తల్లి ఉంది, ఇల్లాలు ఉంది. మాట తక్కువ, లెక్క గట్టి. రెండేళ్లు వంచిన నడుం ఎత్తకుండా కూర్చుని, ఈ లంక ఊళ్లకు పంచాంగం గుణించుకోవడానికి పనికొచ్చే గ్రంథం నలభై ఆకులు రాశాడు. దాన్ని ముగ్గురు సిద్ధాంతులు పరీక్షించి సరేనంటే చుట్టుపక్కల నాలుగూళ్ల పంచాంగం అతనిది. కాదంటే ఆ ముగ్గురూ మళ్లీ కూడేది మూడేళ్లకు. అంతవరకూ ఆగే జరుగుబాటు అతనికి లేదు. కట్ట దగ్గర రాళ్లబండ్లు ఎంచే గుమాస్తా పని ఒకటి చూసిపెట్టుకున్నాడు. పరీక్ష పోతే గంటం అటకెక్కించి అక్కడికి పోవలసిందే.

ఇక్కడి పరీక్ష పద్ధతి మన వైపు లాంటిది కాదు. మన దగ్గర చదువు చెప్పిన గురువే పరీక్ష చేసి తేలుస్తాడు. నాన్న మనిద్దరినీ అలాగే తేల్చారు, మిమ్మల్ని నాలుగు ప్రశ్నలడిగి, నన్ను నలభై అడిగి. ఇక్కడ గురువు సభలో కూర్చోవాలి గాని నోరు విప్పకూడదు. విప్పకుండా ఉండటానికి వీళ్లు కనిపెట్టిన ఉపాయం వింటే వదినగారు నవ్వుతారు. సభ మొదలుపెట్టే ముందు గురువు నోట్లో తాంబూలం పెడతారు. అది ఉమ్మకూడదు, మింగకూడదు. అంతా అయ్యాక చెంబుతో నీళ్లిచ్చి, పుక్కిలించనిచ్చి, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు: ఈ గ్రంథంలో మీదెంత, శిష్యుడిదెంత? "రాత అతనిది, ఆశీర్వాదం నాది" అని జవాబు చెప్పడం వాడుక. గురువు తప్పును చూపించవచ్చు. ఒప్పును తానే చెప్పి రాయించకూడదు. అలా రాయించిన ఆకు లెక్కలోకి రాదు. గురువంటే పరీక్షకుడు కాదట, సాక్షి అట.

ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. రెండేళ్లు కళ్లు కాయలు కాసేలా దిద్దినవాణ్ణి, వక్క నములుతూ కూర్చోమంటారా అని మీ మరదలి దగ్గర ఎగిరాను. "మీ నోటికి అదే మేలు లెండి" అని ఆవిడ లోపలికి పోయింది.

ఆ మంటలోనే పొరపాటు జరిగింది. పదకొండో ఆకు నీడ లెక్క. మీకు చెప్పనక్కర్లేదు గాని, ఈ ఉత్తరం వదినగారూ అమ్మా చదివించుకుంటారు గనక విడమరచి రాస్తున్నాను. పగలూ రాత్రీ సమానమయ్యే రోజున పన్నెండంగుళాల కొయ్యను నేల మీద నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలుస్తాం. ఆ నీడ దక్షిణాది ఊళ్లలో పొట్టి, ఉత్తరానికి పోయేకొద్దీ పొడుగు. ఊరికి పొద్దు పొడిచే వేళ, పెళ్లి ముహూర్తం అన్నీ ఆ కొలత మీదే ఆధారపడతాయి. మన వాకిట్లో ఆ నీడ మూడంగుళాల మీద వెంట్రుకవాసి. నాన్న మన చేత అక్షరాల కంటే ముందు వల్లె వేయించిన అంకె అది. ఇక్కడ మూడున్నర, కొంచెం పైన.

కామేశం మూడున్నరే రాశాడు. దిద్దుతున్న నాకు ఆ అంకె చూడగానే కంట్లో నలుసు పడ్డట్టయింది. తప్పన్నాను. మూడు, వెంట్రుకవాసి అని రాయమన్నాను. దాని మీద ఆధారపడ్డ పన్నెండో ఆకు మొత్తం నేనే చెప్పి రాయించాను. అతను గడపలో కాసేపు నిలబడి, "మరి కొలిచేనండి, గురువుగారండీ" అన్నాడు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చదువుతున్న అంకెను నాకు చెబుతావా అని కసిరాను. "ఆయ్, అలాగేనండి" అని వెళ్లిపోయాడు. ఊరు మారితే నీడ మారుతుందని శిష్యులకు మొదటి రోజు పాఠం చెప్పేది నేనే అన్నయ్యా. నాన్న అనేవారు గుర్తుందా, "ఊరు మారితే నీడ మారద్దిరా అబ్బయ్యా, మొండికేయబాక" అని? నాకు ఆ మాటా గుర్తు రాలేదు, నేనున్న ఊరూ గుర్తు రాలేదు.

జ్యోతిషం పరీక్ష పగలూ రాత్రీ సమానమయ్యే రోజునే పెట్టడం వీళ్ల ఆచారం. ఆలమూరు నుంచి పెద్ద సిద్ధాంతిగారు, ఆయనతో ఇంకో ఇద్దరు పడవ దిగారు. సభ మా వీధిలోనే కరణంగారింట్లో. నా నోట్లో తాంబూలం పెట్టి నన్ను ఒక మూల పీట మీద కూర్చోబెట్టారు. పొద్దున్నించి కామేశం అడిగిన వాటికన్నిటికీ తడుముకోకుండా చెప్పాడు. నోరు మండుతున్నా నాకు లోపల పండగగా ఉంది. మధ్యాహ్నం కావస్తుండగా అందరూ వాకిట్లోకి నడిచారు. నీడ కొలవడానికి పెట్టిన కొయ్య నాన్నదే. గొప్ప కోసం నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

కామేశం నీళ్లు పోసి నేల చదును చూసుకుని, కొయ్య నిలబెట్టి కూర్చున్నాడు. నీడ కుదించుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. కొలబద్ద పెట్టి, మూడున్నర, కొంచెం పైన అని చెప్పాడు. పెద్ద సిద్ధాంతిగారు చేతిలో పదకొండో ఆకు పట్టుకుని ఉన్నారు.

"ఆకులో మూడని ఉందేమిటి నాయనా? ఏది నీది?"

"నేల మీదదండి."

"ఆకులోది ఎవరిది మరి?"

కామేశం తల వంచుకున్నాడు. నా వైపు కూడా చూడలేదు. చెబితే సభలో గురువును దోషిగా నిలబెట్టినట్టు, చెప్పకపోతే కొలిచినది రాయడం రానివాడైనట్టు. ఆయన మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ అతను మాట్లాడలేదు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. నాన్న కొయ్య పక్కనే, నేలమీద, అంత స్పష్టంగా ఈ ఊరి నీడ పడి ఉంది. మూడేళ్లుగా ఆ వాకిలి ముందునుంచే నడుస్తూ నేను దాన్ని చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

లోపలికి వచ్చాక చెంబు తెచ్చి ఇచ్చారు. కావాలని నాలుగుసార్లు పుక్కిలించాను. రాత అతనిది, ఆశీర్వాదం నాది అని వాడుక జవాబు చెబితే నా పరువు నిలుస్తుంది, కామేశం రాళ్లబండ్ల దగ్గరికి పోతాడు. నిజం చెబితే రెండాకులు తీసేస్తారు, మధ్యలో తెగిన గ్రంథాన్ని ఒప్పుకుంటారో ఒప్పుకోరో తెలియదు. ఎటు చూసినా అతనికే ముప్పు. అయినా సాక్షిగా కూర్చోబెట్టారు కదా, సాక్ష్యమే చెప్పాను.

"రాత అతనిది. పదకొండో ఆకులో అంకె నాది, పన్నెండో ఆకు అంతా నేను చెప్పి రాయించింది. అది నెల్లూరి సీమలో మా ఊరి నీడ. అతను సరిగానే కొలిచి రాశాడు, నేనే కొట్టేయించాను."

పెద్ద సిద్ధాంతిగారు నా వైపు తిరిగి, "వచ్చి మూడేళ్లయింది కదండీ, ఇంకా మీ ఊరి ఎండలోనే కూర్చున్నారా?" అన్నారు. ఆ మాటలో ఎగతాళి లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. తర్వాత కామేశం వైపు తిరిగారు.

"గురువంటే భక్తి ఉండాలి నాయనా, కాదనను. రేపు నాలుగూళ్ల వాళ్లు నీ పంచాంగం చూసుకుని పెళ్లిళ్లు చేసుకుంటారు. వాళ్లకి నీ గురుభక్తితో పనేం ఉంది?"

"లేదండి," అన్నాడు కామేశం.

గ్రంథం తాడు విప్పి ఆ రెండాకులూ తీసి నా ఒళ్లో పెట్టారు. రెండు కొత్త ఆకులు అతని చేతికిచ్చి, దీపాలు పెట్టేలోపు సొంతంగా రాయమన్నారు. నన్ను అతని కంటికి కనపడకుండా వీధి అరుగు మీదికి పంపేశారు. సున్నానికి నాలుక పొక్కి ఉంటే ఆ ఇంటి ఇల్లాలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి అక్కడే కూర్చున్నాను. మీరు నా పెళ్లిచూపులకు వెళ్లి వచ్చేదాకా ఎదురు చూశానే, అంతకు పదింతలు ఎదురు చూశాను.

పొద్దు వాలుతుండగా పెద్ద సిద్ధాంతిగారే గ్రంథం పట్టుకుని బయటికి వచ్చారు. దాన్ని నా చేతిలో పెట్టి, "తాడు మీరే కట్టాలండి, గురువుగారు కదా" అన్నారు. నెగ్గిన గ్రంథానికే గురువు చేత తాడు కట్టిస్తారని అప్పటికి నాకు తెలుసు. ముడి రెండుసార్లు జారిపోయింది. కామేశం కాళ్ల మీద పడితే లేవదీసి ఏడ్చేశాను. నలుగురూ చూశారు, చూడనీ.

శిష్యుడి చేతిలో ఓడిపోతే గురువుకు గెలుపేనని నేను ఎన్ని సభల్లో చెప్పి ఉంటానో లెక్క లేదు. చెప్పడం తేలికే. మొదటి రోజు చేదుగానే ఉంది. రెండో రోజుకు తేలికపడ్డాను, ఇప్పుడు తలుచుకుంటే సంతోషంగానే ఉంది. ఊళ్లోవాళ్లు నన్ను తక్కువ చేస్తారేమో అనుకున్నాను. చేయకపోగా ఇంకో ఇద్దరు శిష్యుల్ని తెచ్చి అప్పగించారు. గురువుగారు నిజం చెప్పేరట అని పడవల రేవులో చెప్పుకుంటున్నారని మీ మరదలు విని వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కామేశం వచ్చేసరికి ఆ రెండాకులూ పొయ్యి పక్కన ఉన్నాయి. వాటితో పొయ్యి రాజేయమని మీ మరదలికి చెప్పాను. అతను చూసి చటుక్కున తీసుకున్నాడు.

"తగలెట్టకండి గురువుగారండీ. లెక్క తప్పు కాదండి, ఊరే వేరండి."

నేను మళ్లీ కూర్చుని గుణించి చూశాను. అతను చెప్పింది నిజం. మన ఊరికి అవి అక్షరాలా సరిపోతాయి.

ఇక చిల్లర మాటలు. ఓడలరేవు నుంచి దక్షిణాదికి పోయే ధోనీ పడవలో ఈ ఉత్తరం పొట్లంతో బాటు కొబ్బరికాయలు పంపుతున్నాను. అదే మనిషి తిరిగి వచ్చేటప్పుడు మన చింతపండు కొంచెం ఇచ్చి పంపండి. వదినగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు, వీధిలో పెద్దలందరినీ అడిగానని చెప్పండి. నా ఆరోగ్యానికేం ఢోకా లేదు, నాలుక పొక్కులు కూడా మానాయి. అమ్మ ఒకసారి మా ఇద్దరినీ తలుచుకుని అక్షింతలు వేస్తే చాలు.

అమ్మకు జవాబు రాస్తానన్నాను కదా. వచ్చే కార్తీకంలో చూడటానికి వస్తాం, ఉండిపోవడానికి కాదు. నిన్న ఈ వాకిట్లో నాన్న కొయ్య నిలబెట్టి, కొలబద్దతో కొలిచి మూడున్నర దాటి కొంచెం పైన రాతి మీద గీత గీశాను. పొట్లంలో అడుగున ఆ రెండాకులూ ఉన్నాయి. మన వాకిట్లో నాన్న గీసిన గీతతో సరిచూసుకుని మీ పంచాంగానికి వాడుకోండి. నా వెంట వచ్చిన మన ఊరి నీడ ఇల్లు చేరిందని, నేను మాత్రం ఇక్కడి ఎండలోనే ఉన్నానని, బాగున్నానని, అమ్మ పక్కన కూర్చుని మెల్లగా చెప్పండి.

మీ ఆశీస్సులు కోరే మొండి తమ్ముడు,
సుబ్బరామయ్య చేవ్రాలు.