కావడి చెట్టు, రేడియో చెట్టు, సిగ్నల్ చెట్టు

ముసునూరు కాపురస్తురాలు, కీర్తిశేషులు లక్ష్మీనరసింహారావు గారి భార్య గోవిందమ్మ, వయసు డెబ్బై ఎనిమిది, ఎవరి బలవంతమూ లేకుండా తన ఇష్టప్రకారం రాయించిన వీలునామా. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. అనుమానం ఉంటే మా కోడలిని అడగండి. నిన్న పప్పులో ఉప్పు మరిచింది ఎవరో ఆమెకు తెలుసు.

1. ఇల్లు, పొలం, ఒక్క చెట్టు మినహా మామిడి తోట నా కొడుకు రత్నబాబుకు దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో చెందవలెను. ఈ మాటలు దస్తావేజు లేఖరి గారివి. మా అత్తగారి కాలం నుంచీ కాగితం మీద ఇవే ఉన్నాయి. ఇంట్లో మాత్రం ఏ మాటా ఇలా నిలబడలేదు.

2. ఆవకాయ జాడీలు కోడలు వినీలకు. "జార్" అని పిలిచినా నాకు అభ్యంతరం లేదు, తడిచెయ్యి పెట్టకపోతే చాలు.

3. నా నీలం పట్టుచీర తోటపని చేసే రమణమ్మకు. నేను విజయనగరం వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చి, త్వరగా రమ్మనడానికి "బేగి రండి" అంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆడపడుచు నన్ను "బేగి వదిన" అనే పిలిచేది. ఆమెకు ఈ వీలునామాలో ఏమీ లేదు. రమణమ్మ ఒక్కతే నవ్వకుండా గబగబా వచ్చింది.

4. బావి పక్కనున్న పెద్దరసం మామిడి చెట్టు, దాని కింద నేలతో సహా, మనవరాలు యోగితకు. "కాపు తగ్గిందమ్మా, ఆ ముసలి చెట్టు కొట్టించేద్దాం" అని రత్నబాబు ఒకటే పోరు. మా అత్తగారికి అది కావడి చెట్టు; కాయలు మోసేవాళ్లు కావళ్లు దించి అక్కడ కూర్చునేవారు. మా ఆయన కొమ్మకు ట్రాన్సిస్టర్ తగిలించాక రేడియో చెట్టయింది. అత్తగారు ముందు కోప్పడ్డారు, తర్వాత ఆవిడే "రేడియో చెట్టు కింద చాప వెయ్యవే" అన్నారు. లాక్‌డౌన్‌లో ఫోన్ సిగ్నల్ అక్కడే అందుతుందని యోగిత క్లాసులన్నీ దాని కిందే విని, దాన్ని సిగ్నల్ చెట్టు చేసింది. కావడి అంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. అందుకు నాకు దిగులే. కానీ పేరు మారినప్పుడల్లా ఎవరో ఒకరు కొత్తగా ఆ నీడకు వచ్చారు.

ఇంకో పేరు ఎవరికీ చెప్పలేదు. ఆ నవ్వులు భరించలేని రోజుల్లో నేను అక్కడికి వెళ్లి మా ఊరి మాటలు నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. మా వైపు పుట్టింటిని కన్నోరిల్లు అంటారు. నేను దాన్ని కన్నోరి చెట్టు అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాటలు నా నోటికే రావడం లేదు. తలుచుకుంటే ఏడుపొస్తుంది. యోగితా, బేగి ఒక్కటే మిగిలింది. అది కూడా నీకే.

5. ఈ వీలునామా అమలు చూడవలసిన రాఘవయ్య గారికి ఒక షరతు. ఎవరైనా ఆ చెట్టును ఏదో ఒక పేరుతో పిలుస్తున్నంత కాలం దాని మీద గొడ్డలి పడరాదు. ఇంగ్లీషు పేరైనా సరే, రేపటి పిల్లలు పెట్టే, నాకు అర్థంకాని పేరైనా సరే. అది వట్టి చెట్టు అయిపోయిన రోజున రత్నబాబు కొట్టించుకోవచ్చు.

తేదీ: 18 మే 2025
సాక్షులు: సాంబయ్య, శ్రావణి
(సంతకం) గోవిందమ్మ
స్థలం: ముసునూరు, కన్నోరి చెట్టు కింద