బందెలదొడ్డిలో తొమ్మిది పూటల దాహం

వేములబండ గ్రామం,
ఒంగోలు తాలూకా, గుంటూరు జిల్లా.
తేది: 19-7-1962

పంచాయతీ సమితి బ్లాకు డెవలప్‌మెంటు ఆఫీసరు గారి సముఖమునకు, వేములబండ కాపురస్థురాలు, కీర్తిశేషులు జయరావు గారి భార్య, ఈ ఏటి బందెలదొడ్డి పాటదారు వెంకటరావమ్మ వ్రాయించుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా దొడ్డిలో ఉన్న బాపయ్య గారి ఎద్దుకు మేతా నీళ్ళూ పెట్టుటలేదన్న ఫిర్యాదుకు సంజాయిషీ, నిరుడు అదే దొడ్డిలో నా గేదెను చంపినందుకు బాపయ్య గారికి శిక్ష కోరుట, ఊళ్ళో పశువులు పెంచుకొనువారు నడుచుకోవలసిన రూళ్ళను గోడకు అంటించుట గురించి.

తమరు పంపిన నోటీసు సోమవారం అందినది. ఏడు దినములలో జవాబు ఇవ్వవలెనని అందులో ఉన్నదట. నాకు చదువు రాదు. మా ఊరి బడిపంతులు ఇమాం హుస్సేన్ గారు దానిని చదివి వినిపించి, నేను చెప్పినది చెప్పినట్లు వ్రాయుటకు ఒప్పుకొన్నారు. బాపయ్య పేరు తర్వాత 'గారు' అని వచ్చిన ప్రతిచోటా అది పంతులు గారి మర్యాదే గాని నాది కాదని తమరు గ్రహించవలెను.

1. పైరులో పడిన పశువులను తోలుకొచ్చి కట్టివేయు బందెలదొడ్డిని మా పంచాయతీ ఏటా వేలం వేయును. పాట పాడుకొన్నవారు ఏడాదిపాటు దొడ్డి నడుపుదురు. కట్టిన పశువుకు మేత, నీళ్ళు చూచుట వారి పని. పశువు కలవారు వచ్చి, జరిమానా కట్టి, పుస్తకములో సంతకమో వేలిముద్రో వేసి విడిపించుకొని పోవలెను. నిరుడు ఈ పాట బాపయ్య గారిది. ఈ ఏడు నాది. ఇంతవరకు మా ఊళ్ళో ఆడది ఈ పాట పాడి ఎరుగదు. ముక్కుపుడక అమ్మి మరీ నేను పాడినాను. పశువుల మీద ప్రేమతో కాదు, ఊరి మీద భక్తితో అంతకన్నా కాదు. ఎందుకో ఈ క్రింద మనవి చేయుచున్నాను.

2. నిరుడు మే నెలలో నేను మిరపకాయల టిక్కీ బస్తాలు బండికెత్తించుకొని గుంటూరు పోయినాను. అక్కడ కాటా ఆలస్యమై నాలుగు రోజులు నిలిచిపోయినాను. పోవునప్పుడు నా గేదె గౌరిని పక్కింటి జానీబీకి అప్పగించినాను. గౌరి నిండు చూడిది. మంగళవారం మధ్యాహ్నం ఎండకు తాళలేక అది పలుపు తెంపుకొని బజారులోకి వచ్చి నిలబడినది. ఎవరి పైరులోనూ పడలేదు. మే నెలలో పైరెక్కడిదండీ? బాపయ్య గారు దానిని దొడ్డిలోకి తోలి తలుపు వేసినారు.

జానీబీ నీళ్ళ కడవతో పరుగున పోయి, "అయ్యా, జరిమానా నేను కడతాను, వదిలెయ్యండి" అన్నది.

"ఏమే జానీబీ, గేదె నీదా? నీది కానప్పుడు నీకెందుకే? వెంకటరావమ్మనే రమ్మను. వేలిముద్ర వేసి తోలుకుపొమ్మను. రూలు రూలే."

"ఆ అక్క గుంటూరు పోయిందయ్యా. వచ్చేదాకా నీళ్ళయినా పెట్టనివ్వండి, కడుపుతో ఉంది."

"బయటివాళ్ళు లోపలికి రాకూడదు. కడవ తీసుకుని పోవే!"

జానీబీ ఇల్లు దొడ్డికి ఎదురుగానే ఉన్నది. ఆ మూడు రోజులూ అది అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీసుకుంటూ కూర్చున్నది. మంగళవారం సాయంత్రం ఒక పూట. బుధవారం మూడు పూటలు. గురువారం మూడు పూటలు. శుక్రవారం ఉదయం, మధ్యాహ్నం. మొత్తం తొమ్మిది పూటలు. ఒక్క కడవ లోపలికి పోలేదు. శుక్రవారం పొద్దు వాలే వేళకు నేను బండి దిగి, జానీబీ చెప్పగా విని అటే పోయినాను. దూడ చచ్చి నేల మీద పడి ఉన్నది. గౌరి దాని పక్కన కాళ్ళు చాపి పడుకొని ఉన్నది. తొట్టిలో సాలెపురుగు గూడు కట్టి ఉన్నది. తెల్లవారకముందే గౌరి కూడా పోయినది.

3. పంచాయతీలో చెప్పుకొన్నాను. పుస్తకం తీయించినారు. అందులో ప్రతి పూటా "నీళ్ళు పెట్టడమైనది" అని బాపయ్య గారు వ్రాసుకొన్నారు, ఒకే సిరాతో, ఒకే గుక్కలో. తొట్టిలో సాలెగూడు సంగతేమిటని నేను అడిగితే, "సాలెపురుగు గూడు కడితే దానికి కూడా నేనే బాధ్యుణ్ణా అమ్మా?" అన్నారు. అందరూ నవ్వినారు. దైవికముగా చచ్చినదని తీర్మానం చేసి లేచిపోయినారు. గౌరి పాలే నాకు కూడూ గుడ్డా అయ్యా. అది పోయిన బాధ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. ఆ నవ్వుకు నా ఒళ్ళు ఈనాటికీ మండుచున్నది.

4. ఈ నెల తొమ్మిదో తేదీ ఉదయం బాపయ్య గారి పందెపు ఎద్దు, మెడలో ఇత్తడి గంటల పట్టెడతో సహా, జానీబీ మిరప నారుమడిలో పడినది. కడవలతో నీళ్ళు మోసి పెంచిన నారు అది. సగం తిన్నది, సగం తొక్కినది. జానీబీయే దానిని తోలుకొచ్చి నాకు అప్పగించినది. పాలేరు బుల్లయ్య వచ్చి, "ఆసామి పంపాడమ్మా, ఎద్దును విప్పండి" అన్నాడు.

"ఏరా బుల్లయ్యా, ఎద్దు నీదా? నీది కానప్పుడు నీకెందుకురా? బాపయ్యనే రమ్మను. సంతకం పెట్టి తోలుకుపొమ్మను. రూలు రూలే" అన్నాను. ఏడాదిపాటు నోట్లో దాచుకొన్న మాటలండీ అవి! ఎంత తియ్యగా ఉన్నాయో తమరికి ఎట్లా చెప్పగలను? బుల్లయ్య కూడా తువ్వాలు అడ్డం పెట్టుకొని నవ్వినాడు.

ఆడదాని ముందు నిలబడి సంతకం పెట్టుటకు బాపయ్య గారికి మనసొప్పలేదు. అందుకని దొడ్డికి రాకుండా తమకు ఫిర్యాదు వ్రాసుకొన్నారు.

5. ఎద్దుకు మూడు పూటలా నీళ్ళు పెట్టుచున్నాను. జొన్నచొప్ప వేయుచున్నాను. నీళ్ళు పెట్టునప్పుడల్లా దొడ్డి వాకిట నిలబడి కిరసనాయిలు డబ్బా మోగించి, "బాపయ్య ఎద్దుకు నీళ్ళు పెడుతున్నానహో! అందరూ చూడండహో!" అని కేక వేయుచున్నాను. బాపయ్య గారి కోపమంతా ఆ కేక మీదనే. తన పరువు తీయుచున్నానని అన్నారట. తీయుచున్న మాట నిజమే.

6. కావున ఈ దిగువ రూళ్ళు తమరు ఖాయపరచి పంచాయతీ గోడకు అంటింపవలెను.

(అ) పశువు కలవారు పొరుగూరు పోవునప్పుడు దానిని ఎవరికి అప్పగించినదీ పంచాయతీలో చెప్పిపోవలెను. నేను చెప్పలేదు, అది నా తప్పు. అట్లు అప్పగించుకొన్నవారు వచ్చినచో పశువును వదలవలెను.

(ఆ) మెడలో గంటలున్నంత మాత్రాన ఎద్దు పరాయి నారుమడిలో పడుటకు హక్కు లేదు. అది ఎవరి ఎద్దయినా సరే, ఎన్ని పందేలు గెలిచినా సరే.

(ఇ) పైరులో పడని పశువును బజారులో నుంచి దొడ్డికి తోలినవారిని, దాని బదులు అదే పలుపుతో కట్టివేయవలెను. పంతులు గారు ఈ రూలు వ్రాయనన్నారు. వ్రాయకపోతే అర్జీయే వద్దన్నాను. వ్రాసినారు.

(ఈ) కట్టిన పశువుకు ఎవరు నీళ్ళు తెచ్చినా ఆపరాదు. ఆపినవారికి, ఆ పశువు తాగేదాకా, వాళ్ళింట్లో కూడా ఎవరూ మంచినీళ్ళు ఇవ్వరాదు.

బాపయ్య గారు స్వయముగా దొడ్డికి రానిదే ఎద్దును వదలమని నాకు ఉత్తర్వు ఇవ్వవద్దని, నిరుడు చేసినదానికి ఆయనను పిలిపించి విచారించి శిక్షించవలెనని వేడుకొనుచున్నాను. జానీబీ ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి సాక్ష్యం చెప్పును. ఈ గోడు తమరు ఒకటికి రెండుసార్లు చదివించుకొని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
వెంకటరావమ్మ (వేలిముద్ర)

మరొక మనవి: వేలిముద్ర వేసినాక పంతులు గారు కాగితం మడవకుండా, "అయిదో నంబరులో మూడు పూటలా అని వ్రాయించావు. ఒక్క పూట కూడా తప్పలేదా తల్లీ?" అని అడిగారు. ఆయన ముందు అబద్ధం ఆడలేకపోయాను.

తప్పింది. ఎద్దును కట్టిన మొదటిరోజు మధ్యాహ్నం కావాలనే నీళ్ళు పెట్టలేదు. దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. బాపయ్య తొమ్మిది పూటలు ఎట్లా చూడగలిగాడో నేనూ చూద్దామనుకున్నాను. అది ఎండు తొట్టి నాకింది. నా వంక చూసింది. మళ్ళీ నాకింది. నీళ్ళ కడవ నా పక్కనే ఉంది, అయినా పొద్దు వాలేదాకా నేను లేవలేదు. చివరికి చూడలేక పెడితే రెండు కడవలు తాగి నా చెయ్యి నాకింది, పాడు గొడ్డు.

ఇది వ్రాస్తే నీ అర్జీ నీకే ఎదురు తిరుగుతుందని పంతులు గారు అన్నారు. తిరగనీయండి అన్నాను. ఆ పూట నేను చేసింది పాపం. దానికి తమరు నాకు శిక్ష వేయండి. జైలయితే జైలు, కొరడా దెబ్బలయితే కొరడా దెబ్బలు. ఒక పూటకు ఎంత శిక్షో కాగితం మీద వ్రాసి, సంతకం చేసి, ఊరందరికీ కనపడేటట్లు అంటించండి. తర్వాత బాపయ్యను పిలిచి దాన్ని తొమ్మిదితో హెచ్చవేయండి. నాది ముందు కానివ్వండి, రేపు పొద్దున బండికే వస్తాను.