ఐదింటికి వచ్చే మనిషి

సంక్షేమ విభాగం గుమాస్తా గారికి,

లిఫ్టు మెకానిక్ నమస్కరించి రాయునది. మతిమరుపు జబ్బుకు మందు కనిపెట్టే పరిశోధన సంస్థకు నెలనెలా నా జీతంలోంచి విరాళం పంపమని మూడు నెలల కిందట మీ దగ్గర సంతకం పెట్టాను. మా ఆవిడకు ఆ జబ్బే. డబ్బొక్కటే పంపితే సరిపోదు కదండీ. లోపం ఎప్పుడు, ఎలా కనిపించిందో తెలియనిదే ఎవరు మాత్రం ఏం బాగుచేస్తారు? అందుకని లిఫ్టు చెడితే రాసే మన ఫిర్యాదు చీటీ మీదే రాసి జతచేస్తున్నాను. ఆ సంస్థకు అందేలా చూడండి.

చీటీ: స్థలం, మా ఇల్లు. సమయం, మధ్యాహ్నం రెండున్నర. లోపం, ఆగకుండా పైకీ కిందకీ తిరగడం. ఐదింటికి దానంతటదే సర్దుకుంది.

ఇట్లు, మీ మెకానిక్.

తా.క. చీటీలో జాగా తక్కువ. లేకపోతే ఇంకా చాలా ఉంది.

*

మెకానిక్ గారికి,

మీ విరాళం ప్రతి నెలా సంస్థకు చేరుతోంది. ఫిర్యాదు చీటీ ఏదొచ్చినా మరమ్మతులకు పంపడం మా పద్ధతి గనక మీదీ పంపాం. బుధవారం మీ ఇంటికి మనిషి వస్తాడు.

ఇట్లు, గుమాస్తా.

తా.క. మీ ఇంటి లిఫ్టు మీరే చూసుకోలేరా అని మా పెద్ద గుమాస్తా గారు అడగమన్నారు.

*

గుమాస్తా గారికి,

మా ఇంట్లో లిఫ్టు లేదండీ, పదకొండు మెట్లున్నాయి. వాటి మీద తిరిగేది మా ఆవిడ. మీరు పంపిన మనిషి పనిముట్ల సంచీతో దిగితే, "రోజూ ఒక మెకానిక్ వస్తూనే ఉన్నాడుగా, ఇద్దరెందుకు బాబూ?" అంది. ఆ ఒకడు నేనే.

తనకు తోడుగా ఉందామని పొద్దుటి షిఫ్టుకు మారాను. రెండింటికే ఇల్లు చేరుతున్నాను. అదే కొంప ముంచింది. ముప్ఫై ఏళ్ళు ఐదింటికి వచ్చినవాణ్ణి కదా, రెండింటికి వచ్చేది ఎవరో పరాయివాడని ఆవిడ నమ్మకం. "మా ఆయన ఐదింటికొస్తారు, ఈలోగా పని చూసుకుని వెళ్ళండి" అంటుంది. సరేనని పావుతక్కువ ఐదుకు లేచి, వీధి మలుపు దాకా నడిచి, ఐదింటికి వచ్చి బెల్లు కొడతాను. తలుపు తీసి "వచ్చారా" అంటుంది. ఆ ఒక్క మాట కోసం రోజంతా గడుపుతున్నాను.

ఇట్లు, మీ మెకానిక్.

తా.క. ఈ మధ్య ఐదింటికి కూడా ఒక్క క్షణం ఆగి, అనుమానంగా చూస్తోంది. ఇది చీటీలో రాయడానికి చెయ్యి రాలేదు.

*

మెకానిక్ గారికి,

మీ ఉత్తరం చదివాక, జబ్బు తగ్గనందుకు మీరు విరాళం మానుకుంటున్నారని మా పెద్ద గుమాస్తా గారికి అర్థమైంది. కనుక ఆపేశాం. మళ్ళీ మొదలుపెట్టాలంటే ఈ కవరులోని కాగితం నింపి పంపండి.

ఇట్లు, గుమాస్తా.

తా.క. నాకు అలా అర్థం కాలేదు. కాగితం పెట్టింది నేనే.

*

మా ఆయన ఆఫీసు వారికి,

మీ కవరు నేనే తీసుకున్నాను. కాగితం నేనే నింపాను. కారణం రాయమన్నారు గనక రాస్తున్నాను.

మా ఇంటికి రోజూ ఒక మెకానిక్ వస్తాడు. ఏదీ బాగుచెయ్యడు. కూరగాయలు తరుగుతాడు, నేను మెట్లెక్కితే వెనకాలే ఎక్కుతాడు. మనిషి మంచివాడు. భార్య తనను గుర్తుపట్టదట పాపం, చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అలాంటి మనిషిని ఎలా మరిచిపోతారండీ? ఆవిడకు మందు కనిపెట్టేవాళ్ళకు మా ఆయన జీతంలోంచి పంపండి. ఆయన కాదనరు, ఆయన మనసు నాకు తెలుసు.

ఇట్లు, మీ మెకానిక్ గారి భార్య.

తా.క. మా ఆయనకు పరిచయం చేద్దామని ఇవాళ ఇతన్ని పావుతక్కువ ఐదుకు వెళ్ళనివ్వలేదు. ఐదున్నరైంది, ఆయన ఇంకా రాలేదు. ఇద్దరం ఎదురుచూస్తున్నాం.