మేరీ వాగు, నా వాగు

సోమవారం రాత్రి

ఈ రోజు మా నీటి పరీక్షల ఆఫీసు మీటింగులో సారు, నాతో పనిచేసే మేరీ రిపోర్టు పట్టుకుని, "పనంటే గిట్లుండాలె" అని అందరి ముందు మెచ్చుకున్నారు. శుభ్రమైన నీళ్లలోనే బతికే పురుగులు ఆమె చూసే వాగులో ఏడు రకాలు దొరికాయి. నా వాగులో ఒక్క రకమే. నేనూ ఏడాదంతా మోకాలిలోతు నీళ్లలో నిలబడి వెతికాను కదా! కడుపు మండి, నా ఫారంలో ఒకటిని నాలుగుగా దిద్ది ఇచ్చేశాను.

తిరిగొస్తుంటే భద్రాచలం బస్టాండులో, నా వాగు ఒడ్డున ఉండే ముత్తమ్మ కనిపించింది. "మా నీళ్లు మంచిగున్నయా బిడ్డా? పిల్లలకు తాపొచ్చా?" అని అడిగింది.

"అవ్ పెద్దమ్మా" అన్నాను.

రేపు ఆఫీసు తెరవగానే సారుకు నిజం చెప్పాలి. ముత్తమ్మ దగ్గరికీ వెళ్లాలి. అదంతా చేయగలను. పక్క కుర్చీలో మేరీ వింటూ ఉంటుందే, అదే ఇంకా మింగుడు పడటం లేదు...