వెనక సీటు లేని బండి

పిల్లల తల్లికి ఇంటాయన రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు కుండీల్లో పెట్టి వెళ్ళిన మొక్కలూ బాగున్నాయి, ఒకటి తప్ప. అదేదో వచ్చాక నువ్వే చూద్దువుగాని. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడుగారూ, పసిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పసిదానికి కడుపునొప్పి తగ్గి, రాత్రుళ్ళు అమ్మాయిని కాస్త పడుకోనిస్తోందని రాశావు. సంతోషం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. పొయ్యి గొట్టం మార్పించాను. మోకాలికి తైలం రాసుకుంటున్నాను, రోజూ కాదు. పడుకునే ముందు వీధి తలుపు గడియ వేస్తున్నాను. నీలం చొక్కా గుండీ ఊడింది నిజమే. నేనే కుట్టుకున్నాను, దారం రంగు మాత్రం కలవలేదు. ఫోన్లో ఎందుకు మాట్లాడరు, గోడకి చెప్పినా ఒకటే మీకు చెప్పినా ఒకటే అని రాశావు. ఫోను చెవి దగ్గర పెడితే నాకు నోరు పెగలదు. పైగా అమ్మాయి స్పీకరు పెడుతుంది. కాయితం మీదైతే మధ్యలో ఎవరూ అడ్డు రారు. నువ్వు కూడా రాలేవు.

ఇక బండి సంగతి. దాని గురించి నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. ‘మీ ఇష్టం’ అని రాసి, ఆ కిందే ‘తెల్లది తీసుకోండి’ అని రాశావు. నాలుగు తలుపులున్నాయి, పిల్లలు పడతారు, నేను వెనకాల కాళ్ళు చాపుకుని కూర్చుంటాను, మీరు నాకు తలుపు తియ్యాలి అన్నావు. దానికి జవాబు చివర రాస్తాను. ముందు జరిగింది విను.

లాయరుగారి గదికి అబ్బాయిని తోడు తీసుకుని వెళ్ళాను. తండ్రి వీలునామా వినడానికి చిన్నయ్యగారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. లాయరుగారు కళ్ళజోడు పెట్టుకుని అయ్యగారు రాయించి పోయింది చదివారు. షెడ్డులో ఉన్న రెండు రేసు బళ్ళలో మా డ్రైవరు తనకి నచ్చింది ఒకటి తీసుకోవాలి. ఏది తీసుకోవాలో అతనికి ఎవరూ సలహా చెప్పకూడదు. అదీ అందులో ఉన్నది.

చదవడం అయింది. కాయితం బల్ల మీద పెట్టి, లాయరుగారే మొదలెట్టారు.

‘నన్నడిగితే పెద్దాయనా, పసుపుది తీసుకుని వెంటనే అమ్మేసుకో. దానికే గిరాకీ’ అన్నారు.

చిన్నయ్యగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ‘పసుపుది నీకెందుకయ్యా? అది ట్రాకు బండి, నడుం విరుగుతుంది. తెల్లది తీసుకో. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. సోఫాలో కూర్చున్నట్టుంటుంది’ అన్నారు.

ఆయన నా మంచికే అన్నారు. పసుపుది ఆయనకి కావాలన్నదీ నిజమే. సెలవు రోజున ఆయన రేసు ట్రాకుకి వెళ్తారు, అక్కడ హెల్మెట్టు దాచుకోవడానికి ఆయనకి సొంత అలమర ఉంది.

మన అబ్బాయి గోడవారగా నిలబడి ఉన్నాడు. ‘నాన్నా, ఏదైనా ఒకటే. తీసుకుని అమ్మేద్దాం. వాటికి టైర్లు కొనాలంటే మనం ఇల్లు అమ్ముకోవాలి’ అన్నాడు. టీ తెచ్చినతను గ్లాసులు పెడుతూ, తెల్లదైతే ఇంటిల్లిపాదికీ పనికొస్తుందండీ అన్నాడు.

అందరూ నావైపు చూశారు. నా నోట్లోంచి ఏమొచ్చిందో నీకు తెలిసే ఉంటుంది.

‘మీ ఇష్టమండీ’ అన్నాను.

‘అయితే తెల్లదని రాయండి’ అన్నారు చిన్నయ్యగారు. లాయరుగారు కలం మూత తీశారు.

అప్పుడు నాకు అయ్యగారు గుర్తొచ్చారు. గుండె ఆపరేషను అయ్యాక డాక్టర్లు ఆయన్ని స్టీరింగు ముట్టుకోవద్దన్నారు కదా. సరిగ్గా అప్పుడే ఈ రెండూ కొన్నారు, ఇంట్లోవాళ్ళు వద్దు మొర్రో అంటున్నా. ఆయన నడపలేదు. ఆదివారం ఆదివారం నేను స్టార్టు చేసి, షెడ్డు నుంచి గేటు దాకా తెచ్చి, మళ్ళీ వెనక్కి పెట్టేవాణ్ణి. ఆయన చేతికర్ర మీద ఆనుకుని ఇంజను చప్పుడు వినేవారు. ఒకసారి, ‘ఒరేయ్, నీకైతే ఏది కావాలిరా?’ అని అడిగారు. మీ ఇష్టమండీ అన్నాను. కర్ర నేలకేసి కొట్టారు. ‘నా ఇష్టం నాకు తెలుసులే. నీ ఇష్టం అడిగాను’ అన్నారు. నేను గుడ్డ తీసి బండి తుడవడం మొదలెట్టాను. ఆయన విసురుగా లోపలికి వెళ్ళిపోయారు. సలహా చెప్పకూడదన్న ముక్క ఎందుకు రాయించారో, అదుగో, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అర్థమైంది.

‘రాయకండి’ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ‘రెండూ నడిపి చూసి చెప్తాను. వీధిలోనూ, ట్రాకు మీదా.’

అబ్బాయి గోడ వదిలి ముందుకొచ్చాడు. చిన్నయ్యగారు నవ్వారు. ‘ట్రాకు మీదా? సరే, నేనే తీసుకెళ్తాను. పసుపుదాంట్లో ఒక చుట్టు తిరిగితే నువ్వే తెల్లది అంటావు’ అన్నారు.

ముందు వీధిలో నడిపాను. తెల్లదానికి వంక పెట్టలేం. స్పీడ్ బ్రేకరు వస్తే బొత్తాం నొక్కితే చాలు, ఒళ్ళు పైకెత్తి దాటుతుంది. ట్రాఫిక్కులో కాలికి పనే లేదు. కాలు కాస్త ఆనిస్తే ముందున్న లారీ వెనకదవుతుంది, చప్పుడు కూడా పెద్దమనిషి తరహాలో ఉంటుంది. పసుపుది అలా కాదు. అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. క్లచ్చు తొక్కితే తొడ వణికింది. ఇంజను వీపు వెనకే ఉంటుంది, ఎవరో అక్కడ కూర్చుని పళ్ళు నూరుతున్నట్టు. మార్కెట్టు దగ్గర స్పీడ్ బ్రేకరుకి పొట్ట గీసుకుంది. వేడెక్కేదాకా బ్రేకులు కీచుమంటాయి. కూరల కొట్టావిడ ‘బండి ఏడుస్తోంది పెద్దాయనా, ఏం పెట్టలేదా దానికి?’ అంది. ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసింది. తైలం ఆ రోజు మాత్రం రాసుకున్నాను. వీధి వరకే అయితే నువ్వు చెప్పిందీ చిన్నయ్యగారు చెప్పిందీ నిజం. తెల్లదే బండి.

తర్వాత ట్రాకు. ట్రాకంటే ఎక్కడికీ పోని రోడ్డు. తిరిగి తిరిగి మొదలైన చోటికే వస్తుంది. ఎక్కడికండీ అని ఎవర్నీ అడగక్కర్లేదు. నేర్పడానికి ఒక అమ్మాయి ఉంది, మన అమ్మాయి ఈడుది. పక్క సీట్లో కూర్చుంటుంది. ముందు తెల్లది తీశాను. మొదటి మలుపు దగ్గర ఇండికేటరు వేశాను. ‘ఎవరికి తాతగారూ?’ అంది. తర్వాతి మలుపులో హారను కొట్టాను. హెల్మెట్టులోంచి ఆ పిల్ల కళ్ళు నవ్వడం కనిపించింది. నేనూ నవ్వాను. కాసేపయ్యాక మాత్రం నవ్వకుండా అడిగింది.

‘మాటిమాటికీ అద్దంలో ఎవర్ని చూస్తున్నారండీ? మన వెనక ఎవరూ రావట్లేదుగా.’

అప్పుడు తెలిసింది. నేను చూస్తున్నది వెనకొచ్చే బళ్ళని కాదు, వెనక సీటుని. అయ్యగారు కునుకు తీస్తున్నారా, అమ్మగారి మొహాన ఎండ పడుతోందా. సీటు ఖాళీ. అయినా అక్కడున్నవాళ్ళకి కుదుపు తగలకుండా తిప్పుతున్నాను. బండికి ఇంకా చాలా ఉంది తొక్కండి, తొక్కండి అని ఆ పిల్ల అంటూనే ఉంది. నా కాలు వినలేదు. ఆ సీటు ఉన్నంతసేపూ అది వినదు.

పసుపుదాంట్లో అద్దంలోకి చూస్తే ఇంజను మూత కనిపించింది. అక్కడ మనిషి కూర్చునే చోటే లేదు. తొక్కాను.

నాకు రాయడం చేతకాదు. వీధిలో నా నడుం విరిచిన ఆ గట్టిదనమే అక్కడ బండిని నేలకి అదిమి పట్టుకుంది. చక్రం కింద గులకరాయి పడితే నా వేళ్ళకి తెలిసింది. గేరు మార్చిన ప్రతిసారీ నేనే మార్చాను. మారమన్నది నేను, మార్చింది నేను. నోట్లో తడి ఆరిపోయింది, అయినా నవ్వొస్తోంది. అంతకంటే రాయలేను.

ఇప్పుడు రాసేది నీకు చెప్పకూడదనుకున్నాను. పెద్ద మలుపు మధ్యలో వేగం చూసి నాకు భయమేసింది. కాలు తీసేశాను. బండి వెనకభాగం ముందుకొచ్చి గిర్రున తిరిగింది. గోడ, ఆకాశం, గడ్డి, మళ్ళీ గోడ. గడ్డిలో ఆగాం. దెబ్బల్లేవు, నీమీద ఒట్టు. నీమీద వద్దులే, నామీదే ఒట్టు. బండికీ ఏం కాలేదు. ఆ అమ్మాయి స్థిమితంగానే ఉంది. ‘నెమ్మదించాలనుకుంటే మలుపుకి ముందే నెమ్మదించండి తాతగారూ. లోపలికి వెళ్ళాక మనసు మార్చుకోకండి. మధ్యలో కాలు తీస్తే ఈ బండి ఊరుకోదు’ అంది.

కంచె అవతల అబ్బాయి అరుస్తున్నాడు. చిన్నయ్యగారి మొహం పాలిపోయింది. పరుగెత్తుకొచ్చి, ‘ఇక చాలుగా, దిగు’ అన్నారు.

‘ఇంకోసారి వెళ్తానండీ’ అన్నాను.

వెళ్ళాను. అదే మలుపు. ముందే నెమ్మదించాను, లోపలికి వెళ్ళాక కాలు తియ్యలేదు.

మర్నాడు లాయరుగారి దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్ళి ‘పసుపుది’ అన్నాను. ‘బాగా ఆలోచించుకున్నారా, ఈ వయసులో...’ అని ఆయన ఏదో అనబోయారు. ‘సలహా చెప్పకూడదండీ’ అన్నాను. ఆయన కాయితం నావైపు తిప్పారు. సంతకం పెట్టాను.

నీకు చెప్పాల్సింది ఇదే. నీ మాట కాదని తీసుకున్నాను. నిన్ను అడగకుండా తీసుకున్నాను. అడిగితే నా నోట్లోంచి ఏమొస్తుందో నాకు తెలుసు, అందుకే అడగలేదు.

అబ్బాయి నీకు ఫోను చేసే ఉంటాడు. నాకు మతి పోయిందని చెప్పి ఉంటాడు. నాతో మాట్లాడటం మానేశాడు. మాననీ. చావాలని ఉంటే చెప్పు నాన్నా అన్నాడు. నాకు చావాలని లేదు, నడపాలని ఉంది. రెంటికీ తేడా వాడికి తెలిసినప్పుడు మాట్లాడతాడు. చిన్నయ్యగారు మనిషిని పంపారు, పసుపుదానికి బదులు తెల్లది ఇస్తాను, పైన ఎంత కావాలో అడగమన్నారు. నమస్కారం చెప్పి పంపేశాను. టైర్లు అరిగితే కొనగలిగేదాకా నిలబెట్టి ఉంచుతాను. నిలబడి ఉన్నా అది నాదే. మన వాకిట్లో ఉంది ఇప్పుడు, దుప్పటి కప్పాను. నీ మంచి దుప్పటి కాదు. వీధిలో పోయేవాళ్ళు ఆగి, ఎవరిదండీ అంటున్నారు. ఇదివరకు ఎవరైనా అలా అడిగితే అయ్యగారిది అనేవాణ్ణి. మొన్న ఒకాయన అడిగితే అలవాటున నోరు అటే పోయింది. ఆపుకుని, నాది అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోతే నాకేం?

ఇక నీ వెనక సీటు. ఆ కోరిక నీకు ఇప్పటిది కాదు. పెళ్ళైన కొత్తలో గేటు దగ్గర నిలబడి, నేను అమ్మగారికి తలుపు తీసి పట్టుకోవడం చూశావు. ఇంటికొచ్చాక ‘నాకెప్పుడు తీస్తారు?’ అన్నావు. నేను నవ్వి ఊరుకున్నాను. నువ్వు మళ్ళీ అడగలేదు, మొన్న ఉత్తరంలోనే అడిగావు. తెల్లది తీసుకుని ఉంటే అది తీరేది. అది తెలిసే పసుపుది తీసుకున్నాను. క్షమించమని రాద్దామనుకున్నాను గాని, కలం అటు పోవడం లేదు.

వెనక కూర్చున్నవాళ్ళని నేను అద్దంలోనే చూశాను. వాళ్ళకి నా మెడ తెలుసు, మొహం తెలీదు. నువ్వు కూడా వచ్చి నా మెడ చూస్తూ కూర్చుంటానంటే కుదరదు. ఇక మీదట నేను ఎవరికీ డ్రైవర్ని కాను, నీకు కూడా. పక్కన కూర్చో.

వచ్చే శనివారం పొద్దున్నే బయల్దేరి వస్తున్నాను. కోప్పడతావు. పడు. వద్దని ఫోను చేస్తే ఊ అంటాను, కాని వస్తాను. మలుపులోకి వచ్చేశాను, ఇప్పుడు కాలు తియ్యను. మీ వీధిలో స్పీడ్ బ్రేకర్లు ఎత్తుగా ఉన్నాయేమో అల్లుడుగారిని చూసి పెట్టమను. రోడ్డు మీద నెమ్మదిగానే నడుపుతాను, అది ట్రాకు కాదని నాకు తెలుసు. నీకోసం తలుపు తీసి పట్టుకుంటాను. అమ్మగారికి పట్టుకున్నట్టే, టోపీ పెట్టుకుని. తలుపు మాత్రం ముందుది. ముందు సీట్లో కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి తీసుకోవాలి. మోకాళ్ళు నొప్పెడతాయి. చెయ్యి ఇస్తాను.

ఎటు వెళ్ళాలో ఈ లోపల ఆలోచించి పెట్టుకో. నేను ఒక చోటు అనుకున్నాను, నువ్వూ ఒకటి అనుకో. తేలేదాకా వాకిట్లో కూర్చుని పోట్లాడుకుందాం. మీ ఇష్టం అన్నావంటే మాత్రం బండి కదలదు.

ఇట్లు,
నీ ఇంటాయన